ఊరికే ఒక చుట్టు

నా చిన్నప్పుడు, ఇరాక్ సైన్యం కువైట్‌ని పట్టుకున్న ఏడాది చలికాలంలో, ఒక సిపాయి మా పెద్దమ్మ సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఆపాడు. ఖైతాన్‌లో మేమున్న బిల్డింగుకు నాలుగైదు సందుల అవతల, మంచు ఇంకా విడవని ఉదయం. నేను వెనక క్యారియర్ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఎక్కడికని అతను అరబ్బీలో అడిగాడు. ఎక్కడికీ పోవడం లేదని, ఉత్తగా సైకిలు తొక్కుతున్నానని పెద్దమ్మ తన వంటింటి అరబ్బీలో చెప్పింది. అతను నా దుప్పటి పట్టి లాగాడు. నా ఒళ్లో బట్టల మూట బయటపడింది.

ఆ మూట సంగతి పెద్దమ్మకు తెలియదు. ఉత్తగా తిరిగే మనిషి మూట ఎందుకు కట్టుకుందని అతను అడగక మానడు. అలా సామానుతో దొరికినవాళ్లను జీపుల్లో ఎక్కించుకుపోవడం మేము కిటికీలోంచి చూసి ఉన్నాం. ఎక్కించుకుపోయినవాళ్లలో కొందరు సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లు. కొందరు రాలేదు.

అంతదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. మేము కడప జిల్లావాళ్లం. మా నాన్న అల్ రాయ్‌లో కార్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. సైన్యం దిగిన రోజుకి ఆ ఇంటివాళ్లు వేసవి గడపడానికి పరదేశం పోయి ఉన్నారు. పెద్దమ్మ పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఇంట్లోకి సిపాయిలు జొరబడి దొరికింది దొరికినట్టు మోసుకుపోయాక, ఆమె చంకలో ఒక్క ఓవర్‌కోటుతో మా రెండు గదుల ఫ్లాటుకు నడిచి వచ్చింది.

మా బిల్డింగులో ఉన్న తెలుగువాళ్లంతా ఒక్కొక్క గుంపుగా బస్సుల్లో ఇరాక్ దాటి జోర్డాను చేరి, అక్కడ విమానం ఎక్కి వెళ్లిపోయారు. మేమూ పోవాల్సినవాళ్లమే. మా వంతు వచ్చే ముందు ఇద్దరు సిపాయిలు వచ్చి, లారీ ఒకటి ఆగిపోయింది, వచ్చి చూడమని నాన్నను పిలిచారు. ఆయన తన తెల్ల వ్యాను తీసుకుని వాళ్ల వెనక పోయాడు. మళ్లీ రాలేదు. అమ్మ అడగని చోటు లేదు. తర్వాత అడగడం మానేసి కిటికీ దగ్గర కూర్చుంది. ఆయన వస్తే తలుపు తీసేవాళ్లు ఉండాలి కదా అనేది ఆమె మాట. చెల్లెల్ని వదిలి పోలేక పెద్దమ్మ కూడా ఉండిపోయింది.

నేను మెట్లు దిగడం మానేశాను. బడి మూతపడింది సరే, కిందికి చెత్త పారేయడానికి పొమ్మన్నా పోయేదాన్ని కాను. గడప దాటితే నన్ను కూడా ఎవరో పిలుచుకుపోతారని భయం. పగలంతా అమ్మ పక్కన కూర్చుని అమ్మ చూసే వైపే చూసేదాన్ని. ఇంట్లో నాకు వినబడే మాటలు కూడా రెండే. పెద్దమ్మ అమ్మతో, "ఊరికి పోదాం పాపా," అనేది. అమ్మ, "ఆయనొచ్చినాక పోదాంలే అక్కా," అనేది. అన్నం తినేటప్పుడు అదే, పడుకునేటప్పుడు అదే.

సైకిలు మా ఇంటికి వచ్చింది రాయచోటి నుంచి వచ్చిన ఒక సాయిబు అన్న వల్ల. మా బిల్డింగు కింద ఉన్న బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, సామాన్లు ఇళ్లకు చేరవేసేవాడు. దేశం వదిలిపోతూ దాన్ని మెట్ల కింద పెద్దమ్మకు అప్పజెప్పాడు.

"అక్కా, తొక్కకపోయినా పర్వాలేదు. గాలి మాత్రం కొడతా ఉండు."

"తొక్కకపోతే గాలెందుకురా దానికి?"

"అట్లయితే తొక్కక్కా. నాదేం పోయింది."

ఆయన నవ్వులాటకు అన్నాడు. పెద్దమ్మ నిజంగానే తొక్కింది. ఆమెకు సైకిలు వచ్చని అప్పటిదాకా మాకు తెలియదు. ఆమె పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లల చదువుల కోసం ఇంగ్లండులో ఇల్లు తీసుకుని రెండు చలికాలాలు పెద్దమ్మను అక్కడికి తీసుకుపోయింది. అక్కడ తుప్పర పడుతున్నా, గాలి మొహాన కొడుతున్నా, ముసలివాళ్లు సైతం సైకిళ్లేసుకుని బయటికి పోయి, అరగంటలో బుగ్గలు ఎర్రగా చేసుకుని ఖాళీ చేతులతో తిరిగి వచ్చేవాళ్లట. కూరగాయలు లేవు, ఉత్తరాలు లేవు, ఏమీ లేవు. వీళ్లు ఎందుకు పోతున్నారని పెద్దమ్మ చాలా రోజులు వింతపడింది. మామా పెద్దకూతురు ఆమెను ఒక పార్కులో ఎక్కించి, పడేసి, మళ్లీ ఎక్కించి నేర్పింది. పుట్టి బుద్ధెరిగినాక వండడం, ఉతకడం, ఒకరికి పెట్టడం కాకుండా తను చేసిన పని అదొక్కటేనని పెద్దమ్మ చెప్పేది.

కువైట్ అనగానే అందరూ ఎండ అనుకుంటారు. చలికాలం వస్తే ఉత్తరం నుంచి వచ్చే గాలికి చెవులు తెగిపోతాయి. కొన్ని రోజులు ఆకాశం కడిగిన పలక రంగులో ఉండి, పడీ పడని వాన పడుతుంది. అలాంటి ఒక పొద్దున పెద్దమ్మ కిటికీలోంచి చూసి, "అచ్చం ఇంగ్లండు లెక్కనే ఉండాది," అని ఓవర్‌కోటు తొడుక్కుంది. అది మామా వేసి వదిలేసిన కోటు. పెద్దమ్మకు మడమల దాకా వచ్చేది. అంచులు రెండూ ఎత్తి నడుముకు చెక్కుకుని, మగవాళ్ల సైకిలు కడ్డీ మీదుగా కాలు వేసి ఎక్కేది.

"నీకేమన్నా పిచ్చా అక్కా?" అంది అమ్మ.

"ఉంటే ఉండనీ."

"ఎట్లాగూ పోతాండావు గదా. రొట్టెలుండాయేమో చూసిరా."

"రొట్టెలకు మళ్లీ పోతా, నడిచి. ఇది వేరే."

"ఏంది వేరే?"

"రొట్టెలు దొరకలేదనుకో, ఏడుపు మొహంతో వస్తా. దీంట్లో దొరికేదీ లేదు, దొరకనిదీ లేదు."

నిజంగానే ఆమె రొట్టెల వరసకు వేరేగా నడిచి పోయేది. సైకిలు మీద పోయినప్పుడు ఖాళీగా పోయి ఖాళీగా వచ్చేది. వచ్చాక చేతులు పొయ్యి మీద కాచుకుంటూ కాసేపు వేరే మనిషిలా ఉండేది. కొన్నాళ్లు అలా ఒంటరిగా తిరిగి, ఒక రాత్రి పడుకోబోతూ, రేపు నిన్ను కూడా తీసుకుపోతానని నాతో అంది.

"యాడికి పెద్దమ్మా?"

"ఊరికే."

నేను తప్పు విన్నానని చెప్పలేను. విన్నది సరిగానే విన్నాను. నెలల తరబడి ఊరికి పోదాం, ఊరికి పోదాం అని చెవిన పడుతున్న పిల్లకు ఆ మాట ఇంకొక రకంగా అర్థమయ్యే దారి లేదు. ఇంకెక్కడికీ కాదు, ఊరికే, మన ఊరికే అని పెద్దమ్మ తేల్చి చెప్పిందనుకున్నాను. సైకిలు మీద ఇద్దరమే పడతాం కాబట్టి నన్ను దింపి వచ్చి అమ్మను తీసుకుపోతుందని కూడా లెక్క వేసుకున్నాను. మధ్యలో ఎడారి ఉందని, సముద్రం ఉందని తెలియని వయసు కాదు నాది. కానీ పెద్దమ్మ అన్నాక ఏదో దారి ఉండే ఉంటుంది.

తెల్లవారుజామున లేచి రెండు గౌన్లు, దువ్వెన, తుండు మూటగట్టాను. అమ్మ తలాపున నాన్న స్వెటర్ ఉండేది, మోచేతుల దగ్గర అమ్మ వేరే రంగు ఊలుతో అల్లి కుట్టినది. దారిలో నాన్న కనిపిస్తే చలికి వేసుకుంటాడని దాన్ని కూడా పెట్టాను. ఊరికి పోతున్నామన్న ధైర్యంతోనే అన్ని నెలల తర్వాత ఆ మెట్లు దిగాను. మూట దుప్పటి కింద దాచుకుని క్యారియర్ ఎక్కాను.

సిపాయి మూట విప్పించాడు. గౌన్లు, తుండు ఒక్కొక్కటే పైకి తీసి చూశాడు. పెద్దమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఏందే ఇది?"

"బట్టలు."

"బట్టలెందుకు తెచ్చినావు?"

"నువ్వే గదా, ఊరికే అంటివి."

పెద్దమ్మ ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత ఆమెకు నవ్వు వచ్చింది. ఆపుకోవాలని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. సైకిలును నడుముకు ఆనించుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. మా ఇంట్లో నాన్న కనబడకుండా పోయినప్పటినుంచి ఎవరూ అలా నవ్వలేదు. సిపాయికి కోపం వచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని తుపాకీ భుజం మార్చుకుంటూ గద్దించాడు. అప్పుడు ఆమె కళ్లు తుడుచుకుని అతనికి చెప్పింది. ఒక అరచెయ్యి చాపి, "మాఫీ షుగుల్," అంది, అంటే పనేమీ లేదని. ఇంకో అరచెయ్యి చాపి, "బేత్," అంది, అంటే ఇల్లు. రెండు చేతులూ దగ్గరికి చేర్చి, "కలామ్ వాహిద్," అంది. రెంటికీ ఒకటే మాట. నన్ను చూపించి, దీనికి ఇల్లని వినబడిందని చెప్పింది.

అతను నవ్వలేదు. వయసులో చిన్నవాడే, పెదాలు చలికి పగిలి ఉన్నాయి. ఇల్లన్న ఆ అరబ్బీ మాటను తనలో తాను ఒకసారి అనుకున్నాడు. గౌన్లు నా ఒళ్లో పడేశాడు. స్వెటర్ మాత్రం ఇవ్వలేదు. ఛాతీకి ఆనించి కొలుచుకుని, తుపాకీ గోడకు నిలబెట్టి, తల మీదుగా తొడుక్కున్నాడు. "అది మా నాన్నది," అన్నాను తెలుగులో. పెద్దమ్మ నా పిక్క గట్టిగా నొక్కింది. అతనికి అర్థం కాలేదు. యల్లా, పొండని చెయ్యి ఊపాడు.

ఇంటికి పోయే సందు ఎడమ వైపు ఉంది. పెద్దమ్మ సైకిలును కుడి వైపు తిప్పింది. ఇంటికి పోదామని ఏడుపు గొంతుతో అన్నాను.

"ఇంకా రెండు సందులుండాయి."

"భయమైతాంది పెద్దమ్మా."

"నాకూ అయితాంది. ఇప్పుడు ఇంటికి ఉరికితే రేపు మెట్లు దిగలేం. గమ్మున కూకో."

పెద్దమ్మ రోజూ తిరిగే చుట్టు పూర్తిచేసే ఇంటికి వచ్చాం. స్వెటర్ సంగతి పెద్దమ్మే అమ్మకు చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను.

"సరిపోయిందా వానికి?" అంది అమ్మ.

"చేతులు కొంచెం పొడుగైనాయి," అంది పెద్దమ్మ.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంక సైకిలు ఎక్కేది లేదని నేను నిశ్చయించుకున్నాను. మరుసటి ఉదయం నన్ను లేపింది అమ్మ. తన మఫ్లరు తెచ్చి నా చెవులు మూసి గడ్డం కింద ముడి వేసింది. దుప్పటి ఎత్తి చూసి, "ఈ పొద్దు ఏమేం మూటగట్టినావే? గిన్నెలన్నా ఉంచినావా మాకు?" అంది. నెలల తర్వాత అమ్మ నోట వచ్చిన మొదటి ఎగతాళి అది. పెద్దమ్మ కింద బెల్లు కొడుతోంది. దిగాను.

ఆ తర్వాత రోజూ పోయాం. ఎప్పుడూ చిన్న చుట్టే. అలసిపోకముందే తిరిగి రావాలని పెద్దమ్మ నియమం. చలి ఎక్కువైన రోజు కోటు అంచులు ఇంకొంచెం బిగించుకునేది తప్ప మానేది కాదు. ఎక్కడన్నా తెల్ల వ్యాను కనిపిస్తే ఆమె కాళ్లు నెమ్మదించేవి. నేను గమనించినట్టు ఆమెకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఒక తుప్పర పొద్దున అమ్మ తనంతట తానే వచ్చి క్యారియర్ మీద కూర్చుంది. నేను మెట్ల దగ్గర నిలబడి వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూశాను. తిరిగి వచ్చేసరికి అమ్మ ముక్కు ఎర్రబడి ఉంది. అక్కా, ఇంకొంచెం దూరం పోయి ఉండొచ్చు గదా అంటోంది.

బాంబులు పడడం మొదలయ్యాక వీధిలోకి పోలేకపోయాం. అప్పుడు పెద్దమ్మ బిల్డింగు కింద కార్లు నిలిపే చోట స్తంభాల చుట్టూ తిప్పేది. నూనె బావులు తగలబడి పట్టపగలు చీకటి కమ్మిన రోజుల్లో, గోడల మీదికి నల్లటి తుప్పర కొడుతున్నప్పుడు కూడా, స్తంభాల మధ్య ఆ సైకిలు గొలుసు చప్పుడు వినబడేది. పెద్దమ్మ ధైర్యవంతురాలని ఇప్పుడు అందరూ అంటారు. నేను చూసిన మనిషికి నిండా భయం ఉంది. భయం తగ్గేదాకా ఆగకపోవడం మాత్రం ఆమె నన్ను వెనక కూర్చోబెట్టుకుని నేర్పింది.

ఆమె పోయి చాలాకాలమైంది. నాకు యాభై దగ్గరపడింది. కడపలో చలి ఎంత, అయినా చలికాలం నాలుగు నెలలూ పొద్దున్నే సైకిలు తీస్తాను. పాలు తేవడానికి పోను, మోకాళ్ల కోసం పోను. మనసు అసలే బాగాలేని రోజున తప్పకుండా పోతాను. అమ్మ అరుగు మీద కూర్చుని, నేను వచ్చేదాకా చూసి, వచ్చాక లోపలికి పోతుంది.

యుద్ధం ముగిసినాక మా నాన్న వ్యాను అల్ రాయ్‌లో ఒక గోడౌను వెనక దొరికింది. చక్రాలు లేవు, సీట్లు లేవు. తాళంచెవి దానికే ఉంది. తలుపు మీద గీత కూడా పడలేదు. పనిముట్ల పెట్టె ఒక్కటి లోపల లేదు. దాన్ని మోసుకుని అక్కడి నుంచి నడిచిపోయింది ఆయనో, ఇంకొకరో, ఇంతవరకూ మాకు తెలియలేదు.