ఆమె నోరు మళ్లీ తెరిపించాలా

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి గది లేదు. అది ఉండాల్సిన చోట మా తాతయ్య కాగితాల పెట్టె ఉండేది. చోడవరంలో మాది దేవుడు లేని ఇల్లని పేరు. తాతయ్య రిటైరైన బడిపంతులు. దయ్యాల మీదా, బాబాల మీదా ఎవరు వాదనకొచ్చినా వదిలేవాడు కాదు. ఎవరేం చెప్పినా "ఎలా తెలుసు?" అని అడగడం నాకు నేర్పించింది ఆయనే. పదకొండేళ్లకే ఆ ఒక్క ప్రశ్నతో ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ విసిగించేదాన్ని. నిజం తెలిసినవాళ్లు చెప్పాలి, చెప్పకపోతే పిరికివాళ్లు. అప్పటి నా సిద్ధాంతం ఇంతే. ఒక్క ఆదివారంలో అది చిక్కుపడిపోయింది. ఆ చిక్కు నాకు ఈనాటికీ పూర్తిగా విడలేదు.

తొంభైల మధ్యలో మండల ఎన్నికలొచ్చాయి. వీధంతా చెరుకు బళ్లు, వాటి మధ్య మైకులు కట్టిన జీపులు. పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకతను తాతయ్య దగ్గర చదువుకున్న కాంట్రాక్టరు. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, టీ తాగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మేస్టారూ, తమరి దగ్గర ఒక కాయితం ఉందట గదా. ఒక్క పూటివ్వండి. జెరాక్సు తీసి తెచ్చిచ్చేస్తాను."

"ఏం కాయితంరా?"

"అదేనండి, ఆ ముసిల్దాని పళ్లు పీకిన కాయితం."

"కాయితం పళ్లు పీకదురా," అన్నాడు తాతయ్య. "ఇంతకీ ఆవిడ పేరేటి?"

అతను నవ్వాడు. "ఆవిడ పేరెందుకండి ఇప్పుడు? ఆడి పేరుంటే సాలు గదా."

తాతయ్య ఇవ్వననలేదు, ఇస్తాననలేదు. అతను లేస్తూ, "నిజం సెప్పమని మా వీపులు వాయించేరు. ఇప్పుడు తమరే దాస్తన్నారు," అన్నాడు. ఆ మాట తాతయ్యకంటే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర తాతయ్య ఆ కాగితం కథ చెప్పాడు. ముప్పై ఏళ్ల కిందట ఆయన వడ్డాది దాటాక ఒక పల్లెలో కొత్తగా చేరిన పంతులు. ఆ ఊళ్లో చెరుకు కొట్టే పనికి వెళ్లే ఒకామె ఉండేది. మోపులు కట్టేటప్పుడు ఎన్నోదో మరిచిపోకుండా పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేది. ఒక వారంలో ఆమె వీధిలో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. ఇంకేముంది, ఆ పెదాల కదలిక మంత్రమైపోయింది. చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. పళ్లు లేని నోట మంత్రం పలకదని నమ్మకం. అయిదుగురు మగవాళ్లు ఆమెను పట్టుకుని ముందరి పళ్లు పీకేశారు. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు. తాతయ్య అయిదుగురి పేర్లూ రాసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. కేసు నిలవలేదు. నకలు మాత్రం పెట్టెలో మిగిలింది. ఆ పేర్లలో చివరిది ఆమె చేతులు పట్టుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడిది. ఈ ఎన్నికల్లో కాంట్రాక్టరు మీద నిలబడింది అతనే.

ఇక్కడే నాకు మొదటి తికమక. ఆ మనిషి చెడ్డవాడని ఎవరూ అనేవారు కాదు. ఊరికి బోర్లు వేయించాడు. రాత్రి బడుల మీటింగుల్లో చిల్లంగి అబద్ధమని మైకులో చెప్పేవాడు కూడా. తన సంగతి మాత్రం ఏ మైకులోనూ చెప్పలేదు.

"కాయితం ఇచ్చేయి తాతయ్యా," అన్నాను.

"అతను మారాడేమోనే."

"ఎలా తెలుసు?"

తాతయ్య కంచం తీసుకుని లేచాడు. ఆయన్ని ఆయన ప్రశ్నతోనే ఓడించానని పొంగిపోయాను. రెండు రోజులు అదే వాదన. నిజానికి కాలదోషం ఉంటుందా అని నేను, నిజాన్ని ఎవరు ఎందుకు అడుగుతున్నారో చూడొద్దా అని ఆయన. చివరికి ఆయనే, "మనిద్దరం తెగ వాదించుకుంటున్నాం గానీ, అడగాల్సిన మనిషిని అడగలేదు. ఆదివారం నాతో రా," అన్నాడు.

బస్సు దిగి మైలు నడిచాం. ఆమె ఉండే పెంకుటింటి అరుగు మీద ముగ్గురు ముసలమ్మలు ఎండకు కూర్చుని, ఒకే చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకుంటున్నారు. ముగ్గురికీ పళ్లు లేవు. ఏదో మాటకు ముగ్గురూ నోరంతా తెరిచి నవ్వుతున్నారు. వాళ్లలో ఆమె ఎవరో నేను పోల్చుకోలేకపోయాను.

మమ్మల్ని చూసి ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగిలినామె, "మేస్టారు బాబా, ఎన్నాళ్లకి," అంటూ చాప వేసింది. నా ఈడు మనవరాలు ఒకత్తి గుమ్మంలోంచి తొంగిచూసింది. పిల్లలందరూ సరదాగా పెట్టుకున్నట్టే ఆ పిల్లా జాకెట్టుకు ఎన్నికల బ్యాడ్జీ పెట్టుకుంది. అది ఆ చేతులు పట్టుకున్నవాడి బ్యాడ్జీ. మామ్మ ఆ పిల్లను మంచినీళ్లకు పంపింది.

తాతయ్య సంగతంతా నెమ్మదిగా చెప్పాడు. ఇమ్మంటే ఇస్తాను, వద్దంటే లేదు అన్నాడు. ఆమె రోలు పక్కకు జరిపింది.

"బాబూ, అప్పుడు తమరు మంచికే రాసేరు. కాదన్ను. పోలీసోడు నలుగురిలో నన్ను నోరు తెరవమన్నాడు. ఏలెట్టి ఒకటి, రెండు అని లెక్కెట్టేడు. పీకిన్రోజు ఏడవలేదు గానీ ఆ రోజు ఏడిసేను." ఆ ఇద్దరూ వెళ్లిన వైపు చూపించింది. "ఇప్పుడు నా తోటోళ్లకెవలికీ పళ్లు లేవు. నేనూ అందర్లాగే ముసిల్దాన్నయ్యేను. దీనికే ఇన్నేళ్లు పట్టింది బాబూ. మళ్లీ నన్ను ఏరు సెయ్యకండి."

తాతయ్య తల వంచుకున్నాడు. నేను మాత్రం ఆగలేకపోయాను. అన్యాయం జరిగినామె అన్యాయాన్ని దాచమనడమేమిటని నాకు ఒళ్లు మండింది. "నీ పళ్లు పీకుతుంటే చేతులు పట్టుకున్నవాణ్ణి అలా వదిలేస్తావా మామ్మా?" అని గట్టిగా అనేశాను.

గుమ్మంలో నీళ్ల చెంబుతో ఆ పిల్ల నిలబడి ఉంది.

"ఏటి మామ్మా? ముసిల్తనానికి ఊడిపోనాయన్నావు గదా."

"ఊడిపోనాయే. నువ్వు లోపలికెళ్లు."

"ఎవుడు పీకేడు?"

మామ్మ పైటచెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. పావుగంట కిందట అదే నోటితో అంత బాహాటంగా నవ్విన మనిషి. ఆ పిల్ల నావైపు తిరిగింది. "నీకు తెలుసు గదా. సెప్పు, ఎవుడాడు?" ఆ పిల్ల కళ్లలో సిగ్గు లేదు, కోపం ఉంది. అడిగే హక్కు తనకు ఉందన్నట్టు నిలబడింది. నేను బ్యాడ్జీ చూశాను, చెంగు వెనక ముఖాన్ని చూశాను. పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. తాతయ్య నన్ను చెప్పమనలేదు, వద్దనలేదు.

తిరిగొస్తూ దారి పొడుగునా ఏడ్చాను. "అప్పుడు అడక్కుండా రాసి ఆమెను ఏడిపించాను. ఈసారి అడిగి ఏడిపించాం," అన్నాడు తాతయ్య.  కాగితం ఇవ్వలేదు. మేస్టారు అమ్ముడుపోయాడని కాంట్రాక్టరు ఊరంతా చెప్పాడు. అవతలి మనిషి గెలిచాడు. మరో రెండు బోర్లు వేయించాడు. క్షమించమని ఆ అరుగు దగ్గరకు ఎప్పుడైనా వెళ్లాడో లేదో నాకు తెలియదు.

తర్వాత నేనూ వాదించే మనిషినయ్యాను. చిల్లంగి మీద ఎన్ని వ్యాసాలు రాశానో. ఎన్నికలప్పుడూ, పదవులప్పుడూ ఎవరో ఒకరు ఎవరిదో పాత పాపం తెచ్చి నా ముందు పెడతారు. అన్యాయం పొందిన మనిషి పేరేమిటని అడుగుతాను. చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లతో, ఆ మనిషిని అడిగారా అంటాను. ఆ రెండు ప్రశ్నలూ ఆ వారంలో నేర్చుకున్నవే. అలాగని వాటితో నా మనసు తేలికపడిందని చెప్పను. ఆ మామ్మ వద్దంది నిజమే. ఆ మనవరాలు చెప్పమంది, అదీ అంతే నిజం. ఆ పిల్లకు నేను ఇవ్వని జవాబు దాపరికమా, దయా? ముప్పై ఏళ్లుగా ఒక రోజు అదనీ, ఒక రోజు ఇదనీ అనుకుంటూనే ఉన్నాను.

తాతయ్య పోయాక ఆ పెట్టె నాకొచ్చింది. కాగితం అందులోనే ఉంది. ఇదంతా రాస్తూ ఆమె పేరు రాయలేదు, ఆమె వద్దంది కనక. అతని పేరూ రాయలేదు. అది మాత్రం ఎందుకు రాయలేదో నాకే సరిగ్గా తెలియదు.