కొర్రమీను జోడీ

"ఏం జోడీ కట్టినవమ్మా! రెండూ మగయే. కాపురం చేస్తలేవు, కొట్లాడుతున్నయ్. రేపు పొద్దుగాల కోతకు పంపుత," అని చేపపిల్లల కేంద్రం యజమాని కమలాకర్ కొర్రమీను తొట్టి దగ్గర అరుస్తున్నాడు.

"చూపుకు రెండూ ఒక్కతీరే ఉంటయన్నా. జన్యువుల పరీక్షల ఒకటి ఆడదని తేలింది. పంపనియ్య," అని కేంద్రంలో చేపలకు జోడీలు కట్టే యాస్మిన్ అడ్డం నిలిచింది. దేవరకొండ పిల్ల, మొండిది. చున్నీ నడుముకు బిగిస్తుంది, చెయ్యి తడుపుకోనిదే చేపను ముట్టదు. పరీక్షకని రెక్క కొసను రవ్వంత కత్తిరించిన ప్రతిసారీ చేపకే "మాఫ్ కరో" చెబుతుంది. తెల్లారేసరికి తొట్టి నీళ్ల మీద పసుపుపచ్చని గుడ్లు మీగడలా తేలాయి. వాటి కిందే మగచేప తిరుగుతోంది. కమలాకర్ ఈలవేసి, కేకలు పెట్టి అందరినీ పిలిచాడు. యాస్మిన్ చున్నీ విప్పి గాల్లో గిరగిరా తిప్పింది. అంతలోనే పెదవులపై వేలు పెట్టుకుని అతనితో అంది:

"కమలాకరన్నా, జర మెల్లగ. నాయిన గుడ్లకు కావలున్నడు."