వాళ్లవి ఫీట్లు, ఆమెది చోర్

మీటింగు గదిలో గోడమీది తెరపై పోయిన ఏడాది పనుల జాబితా ఉంది. మా టీములో ఒకామె పేరు పక్కన పైనుంచి కిందిదాకా ఒకటే మాట.

"ఏంది సార్ ఇది? వాళ్లు జేస్తె ఫీట్లు, నేను జేస్తె చోరా?" అని ఆమె మేనేజర్‌ను అడిగింది.

గదిలో అందరూ నవ్వారు. నేను నా కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆ మాటను అక్కడికి తెచ్చింది నేనే.

పత్రిక డెస్కులో చాలా ఏళ్లు శీర్షికలు పెట్టి, ఆనక రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పత్రాలు రాసే పనికి చేరాను. ప్రోగ్రామర్లు కోడ్‌లో ఏ మార్పు చేసినా, దాన్ని అందరి కోడ్‌లో కలిపేముందు ఒక్క వరుస శీర్షిక రాయాలి. మావాళ్లు రాసేవి 'ఫైనల్', 'ఫైనల్ టూ', 'ఇదే అసలు ఫైనల్'. ఒకాయన వారమంతా శీర్షికకు బదులు ఒక చుక్క పెట్టి ఊరుకున్నాడు.

"మీరు పేపర్లో చేశారు కదండీ, ఓ పద్ధతి పెట్టండి" అన్నాడు కాకినాడ నుంచి వచ్చిన మా మేనేజర్. పాత సబ్ఎడిటర్‌ని శీర్షికల గురించి అడగడమే ఆలస్యం.

బయట ప్రాజెక్టుల్లో ఉన్న పద్ధతినే తెచ్చాను. శీర్షిక మొదట్లో పని రకం ఉండాలి. కొత్త సౌకర్యం, అంటే ఫీచర్, చేరిస్తే 'ఫీట్', తప్పు దిద్దితే 'ఫిక్స్', ఉన్నది పాడవకుండా చూసుకునే పనికి 'చోర్'. లేకపోతే కంప్యూటరు ఒప్పుకోదు. ఇంగ్లీషులో ఆ చివరి మాటకు రోజువారీ చాకిరి అని అర్థం. హైదరాబాదులో ఏ అర్థమో ఆటోవాలానడిగినా చెబుతాడు. శీర్షికను ఒకసారి పైకి చదవమని డెస్కులో కొత్తవాళ్లకు చెప్పినవాణ్ణి, దీన్ని మాత్రం పైకి చదవలేదు.

మా కోడ్ కూలకుండా కాసేది ఆమే. కాబట్టి ఆ మాట ఆమెకే అంటుకుంది.

"చోరక్కా, ఇయ్యాల ఎవరింట్ల పడ్డవ్?" అని టీ దగ్గర పక్కసీటు కుర్రాళ్లు అడిగేవారు.

"మీ ఇంట్లనే. ఎత్కపోనీకి ఏం దొర్కలే."

ఆరోజు మీటింగులో మాత్రం ఆమె నవ్వలేదు. "అది లేబులేనండీ, పట్టించుకోకండి" అన్నాడు మేనేజర్.

"పైన కూసున్నోళ్లు లేబులే చదువుతరు సార్. నా ప్రమోషన్ గా లేబులు చూసే ఇస్తరు."

ఆ సాయంత్రమే మాట మార్చాం. 'పోలీస్' పెడదామన్నారెవరో. చివరికి 'కేర్' ఖాయమైంది. పాత శీర్షికలూ దిద్దబోతే ప్రోగ్రామర్లు అడ్డుపడ్డారు. జరిగిపోయిన మార్పుల వరుసను కదిపితే అందరి దగ్గరున్న కోడ్ నకళ్లూ తేడా పడతాయట. పేపర్లోనైతే మర్నాడు సవరణ వేసి చేతులు దులుపుకునేవాళ్లం.

ప్రమోషన్ కమిటీ చూసేది పోయిన ఏడాది జాబితానే. ఆమె ఫైలు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.