పెళ్ళి కార్డులో నా హోదా

పేరు కింద ఒక హోదా ఉంటే తప్ప మనిషి పూర్తికాడని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. హోసూరులో ఒక పెద్ద కంపెనీలో ఆరేళ్ళు చాకిరీ చేశాక నన్ను అసిస్టెంట్ మేనేజర్ని చేశారు. ఆ ఊపులోనే పెన్నాగరంలో సంబంధం కుదిరింది. మా ధర్మపురి వైపు పెళ్ళి కార్డు మీద వరుడి పేరు కింద చదువూ ఉద్యోగమూ అచ్చు వేయకపోతే పిల్లవాడు ఇంట్లో ఊరికే కూర్చున్నాడనుకుంటారు. (ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా కార్డు మాత్రం అరవంలోనే, మాలో తెలుగు చదవగలిగినవాళ్ళు తక్కువ.) మెట్టచేను నమ్ముకున్న మా మామ బంధువుల్లో అంతవరకు ఎవరికీ ఆఫీసరు అల్లుడు లేడు. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

ప్రమోషన్ వచ్చిన పదకొండో రోజు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగాల్లో ఉన్న పదమూడు మెట్లను నాలుగు చేశారట, ఇకమీదట ఎవరికీ హోదాలుండవట, పైవాళ్ళను కూడా పేరు పెట్టే పిలవాలట. జీతం తగ్గలేదు, పని అసలే తగ్గలేదు. నాకు మాత్రం పరువు పోయినట్టే అనిపించింది. మా పెద్దసారును పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, సార్ అంటే తప్పవుతుందేమోనని, మూడు నెలలు ఆయన ముందు నిలబడి దగ్గుతూ గడిపాను. (పాపం, ఆయన ఒకసారి మిరియాల కషాయం తెప్పించి ఇచ్చాడు.) ఆ మధ్యలోనే మామ ఫోన్ చేసి, కార్డు అచ్చుకు ఇస్తున్నాను, ఉద్యోగం పేరు సరిగ్గా చెప్పమన్నాడు. నిజం చెబితే సంబంధం తప్పిపోతుందని భయం. అసిస్టెంట్ మేనేజరే అన్నాను.

పెళ్ళికి పెద్దసారు వచ్చాడు. ఆయనకు ముందుగా ఒక మాట చెప్పి ఉంచాలన్న తెలివి నాకు లేకపోయింది. మామ ఆయన చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకొచ్చి, తన అన్నదమ్ములందరూ వింటుండగా అడిగాడు.

“మా అల్లుడు మీ దగ్గర ఏం హోదాలో ఉండాడు సార్?”

సారు నిదానంగా చెప్పాడు. “ఇప్పుడు మాలో ఎవరికీ హోదాలు లేవండీ. నాకూ లేదు. నేను రాని రోజు నా పని చూసేది ఈయనే.”

మామ నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. నలుగురిలో కడిగేస్తాడనుకున్నాను. ఆయన నా మెడలో దండ సర్దుతూ మెల్లగా అన్నాడు.

“ఆ మాట ముందే చెప్పింటే కార్డులో అదే వేయించిందును గదప్పా.”

వేదిక మీద అప్పుడు తీసిన ఫోటోలో బిక్కచచ్చి నిలబడ్డ నన్ను చూసి నా భార్య ఇప్పటికీ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను, కాని పక్కనున్న సారు మీద కన్ను పడితే నవ్వు ఆగిపోతుంది. నాది పదకొండు రోజుల ముచ్చట. ఆయన పోగొట్టుకున్న హోదా ఇరవై రెండేళ్ళు పనిచేసి సంపాదించుకున్నది. ఆ మూడు నెలల్లో ఒక్కసారైనా, మీకెలా ఉంది సార్ అని ఆయన్ని అడగాలని నాకు తోచనే లేదు.