మూడు ఊళ్ల మెట్రో, ఒకే స్టేషన్

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. పొద్దున తొమ్మిదిన్నర అయ్యేసరికి ముగ్గురం మూడు ఊళ్లలో ఉంటాం. నేను మిర్యాలగూడ దగ్గర సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయన కోదాడలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. రెండో తరగతి చదివే మా పాప మాత్రం సూర్యాపేటలో, మా కిరాయి ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న బడికి వెళుతుంది. పాపకు ఆయాసం. దుమ్ము లేచినా, మబ్బు పట్టినా, పక్కింట్లో ఊదుబత్తి వెలిగించినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. సంచిలో ఆయాసానికి పీల్చే మందు, పఫర్, పెట్టి పంపిస్తాం. పెట్టానా లేదా అని నేను బస్సెక్కాక నాలుగుసార్లు అనుమానపడతాను.

అటు చూస్తే గంట, ఇటు చూస్తే గంట. ఏదైనా జరిగితే ఎవరు ముందు చేరతారన్న లెక్క నా తలలో రోజంతా తిరుగుతూనే ఉండేది. పిల్లలకు త్రైరాశికం చెబుతూ కూడా నేను ఆ లెక్కే చేసుకునేదాన్ని.

వేసవి సెలవుల్లో మా ఆయన పాత లాప్‌టాప్‌లో ఒక ఆట కనబడింది. ఎవరో విద్యార్థి ఎక్కించి ఇచ్చాడట. ఖాళీ నేల ఇస్తారు, రోడ్లు వేసి ఊరు కట్టుకోవాలి. ఆటలాడే పిల్లల చెవులు మెలిపెట్టే టీచరమ్మను నేను. రెండు రోజులు దానికేసి చూడలేదు. మూడో రోజు అందులో మెట్రో వేసుకోవచ్చని తెలిసింది. ఇక అంతే.

మూసీ లాంటి ఏరు ఒకటి గీశాను. దానికి అటు మిర్యాలగూడ, ఇటు సూర్యాపేట, మునగాల దాటాక కోదాడ. నిజమైన సూర్యాపేటకు రైలే లేదు. నా సూర్యాపేటకు ఏకంగా భూమి కింద మెట్రో వచ్చేసింది. సొరంగం గీసే గుర్తు నొక్కితే ఇళ్లన్నీ బూడిదరంగులోకి వెలిసిపోయి నేల కింది దారులు మాత్రమే కనబడతాయి. అది చూస్తే నాకు ప్రాణం కుదుటపడేది. కోదాడ నుంచి ఎరుపు లైను, మిర్యాలగూడ నుంచి నీలం లైను. రెండూ వచ్చి కలిసేది పాప బడి కింద. బడి చేరడానికి ఎటునుంచైనా ఆరు నిమిషాలు.

ఊరు పెరిగేకొద్దీ ఇంకా లైన్లు వేశాను. అన్నింటినీ తెచ్చి బడి కిందే కలిపాను. కోదాడలో బయలుదేరి మిర్యాలగూడ బియ్యం మిల్లుకు పోయే హమాలీ కూడా మా పాప బడి కింది నుంచే పోవాలి. కొన్నాళ్లకు ఆ స్టేషన్ నిండిపోయింది. ప్లాట్‌ఫారం మీద జనం కాలు పెట్టే సందు లేదు, ముందు రైలు కదలదు, వెనక రైళ్లు సొరంగంలో వరసగా ఆగిపోయాయి.

మా ఆయన వెనక నుంచి చూసి నవ్వారు. "అన్ని లైన్లు ఒక్కతానే కలిపితే ఎట్లనే? ఇంకో స్టేషన్ పెట్టు, కొన్నిటిని పక్క నుంచి మళ్లించు."

"బడి దగ్గర ఆగని రైలు నాకెందుకు?" అన్నాను. కోపంగానే అన్నాను.

ఆ ఆటను ఇష్టంగా చూసిన మనిషి ఇంకొకరున్నారు, మా ఇంటి ఓనర్ ఆంటీ. కింది వాటాలో ఒక్కతే ఉంటూ మిషను కుడుతుంది. మెడలో టేపు వేసుకునే మేడ మీదికి వచ్చి, "నీ రైలు ఏడిదాంక వచ్చింది బిడ్డా?" అని అడిగేది. సాయంత్రం మేము వచ్చేదాకా పాప ఆమె దగ్గరే గుడ్డముక్కలతో ఆడుకునేది. రెండు వీధులే అయినా దుమ్ము పడకూడదని పెట్టిన బడి ఆటో పాపను సరిగ్గా ఆమె గుమ్మం ముందే దింపేది.

అలాంటి మనిషి మీద నాకు మనసులో ఒక మూల కోపం ఉండేది. ఆ వేసవిలోనే పాప అడిగిందని ఒక పుల్ల ఐసు కొనిచ్చింది. మర్నాడు పాపకు ఆయాసం వచ్చింది. ఐసు వల్లనో కాదో డాక్టరు కూడా చెప్పలేదు. నేను మాత్రం తీర్పు చెప్పేసుకున్నాను. పాప బడి తెరవగానే అక్కడి ఆఫీసులో ఒక ఉత్తరం రాసిచ్చాను: బడి వేళల్లో ఏ అవసరం వచ్చినా పాపను తల్లిదండ్రులమైన మా ఇద్దరికి తప్ప ఎవరికీ అప్పగించవద్దు. ఆ చివరి మాటల కింద రెండు గీతలు గీశాను. ఆంటీకి ఆ సంగతి చెప్పలేదు.

వరికోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ఏడో తరగతిలో పాఠం చెబుతుండగా పాప బడి నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, పాపకు జర ఆయాసం ఎక్కువైంది. పఫర్ రెండుసార్లు కొట్టినం. తగ్గుత లేదు. జల్ది రండి."

ఎలా బస్సెక్కానో గుర్తులేదు. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. మా ఆయనకు ఫోన్ చేస్తే ఆయన కూడా బయలుదేరారు. "ఆంటీకి చెప్పిన. బడికి పోతున్నది. దవాఖానకు తీస్కపోతది, నువ్వు పరేషాన్ గాకు," అన్నారు. ఉత్తరం సంగతి నాకు ఆ క్షణంలో తట్టనే లేదు.

పరేషాన్ కావద్దంటే ఆగే మనిషినా నేను? ముందు వడ్ల లారీలు, వాటి వెనక మా బస్సు. ఆగకుండా మా ఆయనకు ఫోన్ చేస్తూనే ఉన్నాను.

"ఏడిదాంక వచ్చిన్రు?"

"మునగాల."

"ఇంకా మునగాలేనా?"

"బస్సు నేను నడుపుత లేనే!"

లైను కట్ చేయనివ్వలేదు. పాపకు ఏమైనా అయితే అని ఏడుస్తూ ఏదేదో మాట్లాడాను. మధ్యలో చెవిలో ఏవో బీప్ బీప్ మని వినబడ్డాయి, పట్టించుకోలేదు. మా బస్సు మూసీ వంతెన దాటాక ఆయన తన బ్యాటరీ అయిపోతోందని గట్టిగా చెప్పి పెట్టేశారు. పెట్టడమే ఆలస్యం, ఫోన్ మోగింది. బడి ప్రిన్సిపల్.

"మేడం, పావుగంట నుంచి కొడుతున్నం. మీ ఫోన్ బిజీ, సార్ ఫోన్ బిజీ. మీ ఓనరమ్మ వచ్చి కూసున్నది. మీరేమో ఎవ్వరికీ ఇయ్యొద్దని రాసిచ్చిన్రు. ఏం చెయ్యమంటరు?"

వెనక నుంచి ఆంటీ గొంతు వినబడింది. "పిల్ల ఊపిరి గుంజుతుంటే కాయితం సూస్తరా మీరు!"

"పంపండి! ఆమెతో పంపండి!" అని బస్సులో అరిచాను. అందరూ తిరిగి చూశారు. పిల్లల దవాఖాన ఆ బడికి ఐదు నిమిషాల నడక. పావుగంట పాటు నా బిడ్డకూ ఆ దవాఖానకూ మధ్య అడ్డుపడింది దూరం కాదు, నేను.

నేను చేరేసరికి మా ఆయన వచ్చి పది నిమిషాలైంది. పాప ముక్కుకు మాస్కు పెట్టుకుని, మందు పొగ పీలుస్తూ, ఆంటీ ఒళ్లో కూర్చుని ఆమె మెడలో టేపు చుట్టలు చుడుతోంది. నన్ను చూసి మాస్కులోంచే నవ్వింది. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పాక నేను బల్ల మీద కూలబడ్డాను.

ఆంటీ పాప మాస్కు సరిచేసింది. తర్వాత మెల్లగా, "ఐసు కొనిచ్చింది నేనే. తప్పే. గని నాకు ముఖమ్మీద చెప్పకపోతివి బిడ్డా," అంది.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు, అలాగని ఓదార్చనూ లేదు.

ఆదివారం పొద్దున లాప్‌టాప్ తెరిచాను. బడి కింద జనం ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. లైన్లన్నీ విప్పి మళ్లీ వేశాను. మొదటిసారి కోదాడ నుంచి మిర్యాలగూడకు బడిని తాకకుండా ఒక లైను గీశాను. గీసి, వెంటనే చెరిపేశాను. ఆటే కదా అని చెప్పుకుని మళ్లీ గీశాను.

సోమవారం సెలవు పెట్టి, ఆంటీని వెంటబెట్టుకుని బడికి వెళ్లాను. పాత ఉత్తరం వెనక్కి తీసుకుంటే కొత్త కాగితం ఇచ్చారు. అవసరానికి పాపను ఎవరికి అప్పగించవచ్చో అందులో రాయాలి. మొదటి గడి పేరు. పెన్ను అక్కడే ఆగిపోయింది. మూడేళ్లుగా నా బిడ్డ సాయంత్రాలన్నీ ఈమె గుమ్మంలో గడిచాయి. నా ఫోన్‌లో మాత్రం ఓనర్ ఆంటీ అని ఉంది, అంతే.

"ఆంటీ, మీ పేరు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "మూడేండ్లాయె. ఇప్పుడా అడుగుడు?" అంది. తర్వాత ఇంటిపేరుతో సహా నిదానంగా చెప్పింది. రాశాను.

"ఒక్కసారి చదువు," అంది.

చదివి వినిపించాను.