పోయిన కరెంటు తిరిగొచ్చే తొవ్వ

ఇప్పుడు బీదర్ స్టేషన్‌లో వాన మొదలైతే తడిసిన ఎర్రరాతి వాసన ఒక్కటే ముక్కుకు తగులుతుంది. నా చిన్నప్పుడు ఆ వాసన వెంటే డీజిలు పొగ కూడా వచ్చేది. ఏది ఏదో విడదీయడం వీలయ్యేది కాదు. మొన్న చినుకుల్లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పైన కరెంటు తీగ సన్నగా జుయ్యిమంటోంది, బండి ఇంకా రాలేదు, పొగా లేదు, మసీ లేదు. అంత తేటగాలిలో నిలబడి ఉంటే పన్నెండేళ్ల మా సునందక్క కళ్ల ముందు మెదిలింది.

మా ఊరు బీదర్ నుంచి భాల్కి వైపు పోయే లైను పక్కన. బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్, పట్టాల కింద కంకర సర్దే పని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఉర్దూ. గోలీలాటలో మాత్రం మూడూ కలిపి పోట్లాడుకునేవాళ్లం. చలికాలం పొద్దున పొయ్యి ముందు కూర్చుని, వేడి జొన్నరొట్టె మీద కారప్పొడి చల్లి పల్లినూనె పోసుకుని తింటుంటే, దూరాన ప్యాసింజరు ఎత్తెక్కలేక రొప్పే చప్పుడు వినబడేది. రొట్టె చేతబట్టుకునే కట్ట దాకా ఉరికేవాళ్లం. రైలు డబ్బాల మీద చెరుకుగడలు, మేకపిల్లలు, మనుషులు ఒకరినొకరు పట్టుకుని కూర్చుని పోతుండేవారు. కొందరు మాకు చెయ్యి ఊపేవారు, కొందరు చెరుకు ముక్కలు విసిరేవారు. ఆదివారం ప్రార్థనకని అమ్మ ఉతికి ఆరేసిన తెల్లచీర మీద నల్ల చుక్కలు పడితే, ఆ ఇంజను ఎవరో పక్కింటి మనిషైనట్టు నిలబడి తిట్టేది.

ఊళ్లో చాలా ఇళ్లలో బల్బులు వెలుగుతున్నా మా ఇంట్లో మాత్రం కందిలి దీపమే. కారణం యోహాను మామ. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం చెరుకుతోటకు నీళ్లు కట్టబోయి, బురదలో నిలబడి, పంపుసెట్టు తీగ ముట్టుకున్నాడు. అంతే. ఆ తర్వాత అమ్మ ముందు కరెంటు ఊసెత్తడానికి బాపు కూడా జంకేవాడు. లైన్‌మన్ మా గల్లీలోకి వస్తున్నాడంటే ఆమె లేచి తలుపు వేసేది.

అలాంటి ఇంట్లో పుట్టి మా అక్క కరెంటు బండి మీద మనసు పడింది. ఒక క్రిస్మస్‌కు కాజీపేటలోని మేనత్త ఇంటికి పోయాం. స్టేషన్‌లో దిగేసరికి పక్క లైను మీద ఒక ఇంజను నిలబడి ఉంది. నెత్తిన మోచేతిలా వంగిన ఇనుప చట్రం, అది పైతీగను ఆనుకుని ఉంది. కాసేపటికి కూత వేసి, అంత పొడుగు బండిని పొగ చుక్క లేకుండా లాక్కుపోయింది. అక్క అరిసెల డబ్బా గుండెకు అదుముకుని చూస్తూ ఉండిపోయింది.

“బాపూ, అది ఏం తిని నడుస్తాంది?”

“కరెంటు బిడ్డా,” అన్నాడు బాపు, అమ్మకు వినబడకుండా. కాని అమ్మ విన్నది. ఇద్దరినీ రెక్క పట్టుకుని ప్లాట్‌ఫారం అటు కొసకు లాక్కుపోయింది.

ఊరికి తిరిగొచ్చిన మర్నాటి నుంచే అక్క తన బండి కట్టడం మొదలుపెట్టింది. ఖాళీ నూనె డబ్బా ఇంజను, చెడిపోయిన టేపురికార్డరులోని చిన్న మోటరు, పత్తి బేళ్లకు చుట్టే ఇనుప పట్టీలతో పట్టాలు, రెండు కట్టెల మధ్య బిగించిన సైకిలు బ్రేకు తీగ, డబ్బా నెత్తిన గొడుగు పుల్ల, పాత చెప్పు కోసి చేసిన చక్రాలు. టార్చిలైటు సెల్లులు ఒకదాని మీద ఒకటి పెట్టి కదలకుండా పట్టుకోవడం నా పని. సెల్లుల నుంచి తీగ లాగి బ్రేకు తీగకు ముట్టించింది. బండి కదల్లేదు. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. కదల్లేదు.

అంతలో అమ్మ కంటబడింది. పట్టాలు ఊడబెరికి అన్నీ పెంటకుప్ప మీద పారేసింది. “నా ఇంట్ల ఇంకో పీనుగ లేవాల్నా?” అని అరిచి, ఆ వెంటనే వాకిట్లో కూలబడి ఏడ్చింది. అక్కా ఏడ్చింది. ఏడుస్తూనే పోయి కుప్పలోంచి మోటరు ఏరుకొచ్చి, లంగా అంచుతో తుడిచి దాచింది. ఇంకోసారి కట్టింది, ఇంకోసారి అమ్మ పారేసింది. చివరికి మకాం బసన్న కాక చేనులోని కొట్టంలోకి మారింది. బసన్న కాక బాపు దోస్తు, మా ఇంటి పక్క రైతు. అక్కను ఏమీ అడగకుండా కొట్టంలో ఒక మూల ఖాళీ చేసి ఇచ్చాడు.

ఒకనాడు అక్కడ అక్క టార్చిలైటు విప్పి, అడుగు మూత తీసి, లోపలికి తొంగి చూసి, ఉన్నపళంగా నా భుజం పట్టుకుని కుదిపేసింది.

“చెల్లే, దీంట్ల ఎనుకకు వచ్చే తీగ లేదు సూడు! ఈ రేకు మీదికెల్లే కరెంటు తిరిగొస్తాంది. మన బండిల పోయిన కరెంటు తిరిగొచ్చే తొవ్వే లేదు!”

రబ్బరు చక్రాలు పీకేసి సోడాసీసా ఇనుప మూతలు బిగించింది. మోటరు రెండో తీగను వాటికి కలిపింది, పట్టా నుంచి సెల్లులకు ఇంకో తీగ లాగింది.

ఏడాది తిరిగి ఎళ్లమావాస్య వచ్చింది. మా దిక్కు అది చేన్ల పండుగ. పండుగ బసన్న కాక వాళ్లదే అయినా మమ్మల్ని ఏ ఏడూ వదిలేవాడు కాదు. నిలువెత్తు జొన్న నడుమ తుంగచాప పరిచి, పచ్చి కందిగింజలు, శనగాకు, వంకాయ, ఇంకా చేతికందిన ప్రతి కూరగాయా కలిపి వండిన బజ్జి, సజ్జరొట్టెలు, చల్లటి అంబలి వడ్డించేవారు. తిని తిని లేవలేక అక్కడే ఒరిగిపోయేవాళ్లం. ఆ ఏడు మాత్రం అందరూ చేతులు కడుక్కోకముందే అక్క బండిని కొట్టంలోంచి మోసుకొచ్చి చదును మీద పెట్టింది. గొడుగు పుల్ల తీగకు తగిలి చిన్న నిప్పురవ్వ రాలింది. నూనె డబ్బా గడగడలాడుతూ కదిలింది. పిల్లలందరూ కేక పెట్టారు.

అంబలి కుండ దగ్గరి నుంచి అమ్మ లేచి వచ్చింది.

“కోపం జెయ్యకు శాంతమ్మా, పొల్ల కష్టం జూడు,” అన్నాడు బసన్న కాక.

అమ్మ ఆయన వైపు చూడలేదు. “వద్దన్న పని ఎందుకు జేసినవే?”

అక్క తల దించలేదు. “మామ ఎట్ల పోయిండో నాకు తెల్వాలమ్మా.”

“తెలిస్తే వస్తడా?”

“రాడు. ఇంకొకలు పోకుంట జూస్త.”

అమ్మ పట్టాల పక్కన గొంతుక్కూర్చుంది. “జెప్పు.”

అక్క వేలు పెట్టి చూపించింది. “కరెంటు ఈ తీగల పోతది, మోటరును తిప్పుతది, పట్టా మీదికెల్లి తిరిగొస్తది. దానికి తొవ్వ గావాలె. ఆనాడు మామ చెయ్యి తీగ మీద ఉండె, కాళ్లు బురదల ఉండె. మామనే తొవ్వ అయిండు.”

“ఇన్నొద్దులు అది మనుషులను ఏరుకొని తింటదనుకున్న,” అంది అమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుంది. “దీన్ని ముట్టుకుంటే?”

“ఇది సెల్లులది, ఏం గాదు. పంపుసెట్టుది ముట్టుకోవద్దు.”

అమ్మ ఒక్క వేలు పట్టాకు తాకించి చప్పున తీసేసింది. మళ్లీ పెట్టింది. ఈసారి తియ్యలేదు.

కోతలయ్యాక మా ఇంట్లో బల్బు వెలిగింది. తప్పిన కరెంటును నేలలోకి దింపే ఎర్తు తీగ ఎక్కడ వేశావు, ఎంత లోతు వేశావు అని అమ్మ లైన్‌మన్‌ను నిలదీసింది. ఎండాకాలమంతా ఆ ఎర్తు గుంత ఎండిపోకుండా చెంబెడు నీళ్లు పోయనిదే తను అన్నం తినేది కాదు. ఆడపిల్లను ప్యాసింజరులో బీదర్ హైస్కూలుకు పంపవద్దని చుట్టాలు అంటే, “అది సదువుతది, మీరు ఊకోండ్రి,” అంది. అక్క చదివింది. ఇంజనీరై, రైలు లైన్లకు కరెంటు తీగలు వేసే పనిలో దేశమంతా తిరిగింది.

మా లైనుకు ఆ తీగలు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఎత్తెక్కలేక రొప్పే ఇంజను లేదు. డబ్బాల మీద కూర్చుని చెరుకు విసిరేవాళ్లు లేరు. చప్పుడు విని ఇంట్లోంచి ఉరికేసరికి బండి దాటిపోతుంది కాబట్టి, రొట్టె చేతబట్టుకుని కట్ట మీద నిలబడే పిల్లలూ లేరు. బసన్న కాక లేడు. ఆయన కొట్టం ఉన్నచోట కరెంటు స్తంభం పాతారు.

తీగల్లోకి కరెంటు వదిలే ముందు ఊరూరా మైకు తిప్పి జాగ్రత్తలు చెప్పారు. అమ్మకు అది ఆనలేదు. “మైకుల జెప్తే ఎవలింటరు?” అని, డెబ్బై దాటిన మనిషి, సెలవు పెట్టి వచ్చిన అక్కనూ నన్నూ వెంటేసుకుని లైను పక్క ఊళ్లకు బయలుదేరింది. ఆకు దూసే పొడుగు దోటి భుజాన నిలబెట్టుకుని మేకలను పట్టాల మీదికి తోలుతున్న ఒక కాపరిని కేక వేసి ఆపింది. తీగను ముట్టుకోకున్నా, దోటి దాని దగ్గరికి పోయినా చాలు, ప్రాణం పోతుందని చెప్పింది. తన తమ్ముడి సంగతీ చెప్పింది.

“అయితే దాన్ని జూసి భయపడాల్నా అమ్మా?” అన్నాడతను.

“భయపడుమంటలేను బిడ్డా. తెలుసుకొని దూరం నిలబడుమంటున్న.”

అతను తలెత్తి తీగను ఒకసారి చూశాడు. దోటిని దించి, నేలకు అడ్డంగా పట్టుకుని, మేకలను వంతెన కింది దారికి మళ్లించాడు. చివరి మేక దాటేదాకా నిలబడి చూసి, అమ్మ పక్క ఊరి వైపు నడక సాగించింది.