పానా చేసిన చేతులు

పోయిన నెల మా జాబర్ మామ నిద్రలోనే పోయాడు. చుట్టం కాదు, పక్కింటాయన. జాబర్ అంటే సాంచాలు బాగుచేసే మేస్త్రీ. నార్పోలిలో మా మరమగ్గాల కార్ఖానాలో సాంచా ఆగితే ముందు ఆయన్ని పిలిచి, ఆ తర్వాతే సేటుకు చెప్పేవాళ్లం. వచ్చీ రాగానే చాయ్ అడిగేవాడు. "సాంచా కోపం దిగనియ్యి" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ చాయ్ అయ్యాక సాంచా నిజంగానే ఆయన మాట వినేది.

ఆ కార్ఖానాలో ఒక పాత పానా ఉండేది. దుకాణంలో కొన్నది కాదు. ఎవరో లారీ స్ప్రింగు కమాన్‌పట్టాను కాల్చి, సాగగొట్టి చేశారు. పిడి చివర జడలాంటి మెలిక. బోల్టు మీద పెడితే జారేది కాదు. ఎవరు చేశారని మామను అడిగితే, "నాకేమెరుక? గట్లాంటి మొనగాడు మళ్ల పుట్టడు" అనేవాడు. దసరాకు పనిముట్లకు బొట్లు పెట్టేటప్పుడు దాన్ని కళ్లకద్దుకుని, "చేసినోని చేతులు సల్లగుండాలె" అనేవాడు. వెనకాల మేమందరం అదే మాట అనేవాళ్లం.

ఆయన పోయిన కొద్ది రోజులకే సేటు పాత సాంచాలను పాత ఇనుము కొనే భంగార్‌వాడికి అమ్మేశాడు. పానా కూడా ఆ కుప్పలో పడబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. అంత మంచి పనిముట్టు చేసినవాడి పేరు లేకుండా కరిగిపోకూడదని నా పట్టుదల. అంజూర్ ఫాటా దాకా పోయి కనబడ్డ కొలిమి దగ్గరల్లా అడిగాను. మాది అన్నవాడు లేడు.

దినాలయ్యాక మామ భార్యను, మా అత్తను పలకరించడానికి వెళ్లాను. జొన్నరొట్టెలు కాలుస్తోంది. చేతిలో పట్టకారు. దాని పిడి చివర అదే జడ. నేను సంచిలోంచి పానా తీసి ఆమె ముందు పెట్టాను.

అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "గిది గుడ ఆయన చేసిందే అల్లుడా. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. తెలిస్తే కార్ఖానకొకటి చెయ్యమంటరట."

అంటే ఇన్ని దసరాలూ ఈ మహానుభావుడు తన చేతులను తానే దీవించుకుని, మా చేత కూడా దీవింపజేశాడన్నమాట. ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. మనిషి లేడన్న దిగులు మధ్యలోనే ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

పానా ఇక్కడే ఉండాలన్నాను. అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరింది. తర్వాత పిండి చేత్తోనే దానికి బొట్టు పెట్టి, "చేసినోని చేతులు సల్లగుండాలె" అంది. ఈసారి కూడా వెనకాల నేనన్నాను.

మీరెప్పుడైనా ఆ వంటింటికి వెళ్తే చూడండి. పట్టకారు పక్క మేకుకు, నల్లటి ఇనుము మీద తెల్లటి బొట్టుతో వేలాడుతూ ఉంటుంది.